ఎడ్లు కట్టకుండా నిర్మల్ నుంచి కరీంనగర్‌కు

ఈ ప్రయాణానికి కారణం మా మేనమామ అన్న ఒక మాట.

మా భూములు, కోటలాంటి మా గడీ పోయి ఆరేళ్లయింది. నన్ను కన్న అవ్వ, నేను కరీంనగర్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాం. మామకు అదే ఊళ్లో బియ్యం మిల్లు ఉంది. అక్కడ గుమస్తా కుర్చీ ఒకటి నాకోసం ఖాళీగా ఉంచానని ఆయన నెలకోసారి గుర్తు చేసేవాడు. నిర్మల్‌లో ఒక కలప గుత్తేదారు దగ్గర యుద్ధకాలం నాటి పికప్ బండి మూడేళ్లుగా మూలకు పడి ఉందని, ఎంతకిచ్చినా అమ్ముతాడని నాకు తెలిసింది. దాన్ని బాగు చేసుకుని కిరాయికి తిప్పుతానని మామతో చెప్పాను.

"గా డొక్కునా?" అన్నాడు మామ. "దాన్ని ఎడ్లు గుంజుకొస్తయి, ఎన్కనుంచి నువ్వు నడ్సుకుంట వస్తవు. బజార్ల నల్గురు చూస్తరు."

"ఎడ్లు ముట్టయి మామా. ఇంకో లారీకి తాడు గూడ కట్ట. దాని చక్రాల మీదనే మీ మిల్లు గేటు కాడికి తెస్త. రెండు వారాలు. రెండో వారం ఆదివారం పొద్దు గూకెలోపట రాకుంటె, సోమవారం నుంచి మీ కుర్చీల కూసుంట."

"మాటనేనా?"

"మాటనే."

మా ఇంట్లో మిగిలింది అదొక్కటే. దాన్ని కూడా ఆయన మిల్లు గేటు దగ్గర పారేసుకోవడం నాకిష్టం లేదు.

నిర్మల్‌కు దగ్గర దారి జగిత్యాల, ఆర్మూరు మీదుగా. నేను ఆ దారిన వెళ్లలేదు. ఆ బస్సు మా ఊరి నడుమ నుంచి పోతుంది. టిక్కెట్టు కొనుక్కుని కిటికీ పక్కన కూర్చుని మా గడీ ముందు నుంచి పోవడం నావల్ల కాదనిపించింది. అందుకే చుట్టుదారి పట్టాను. పొద్దున ఆరింటికి కరీంనగర్‌లో పెద్దపల్లి బస్సు ఎక్కి, తొమ్మిదిన్నరకు అక్కడ ప్యాసింజరు రైలు అందుకున్నాను. ఎదురుగా కూర్చున్న బొగ్గుబావి కార్మికుడు నా తెల్లటి షేర్వానీని, నా కాళ్ల దగ్గరున్న పనిముట్ల సంచిని మార్చి మార్చి చూశాడు.

"సాబ్, ఏం పని మీద పోతున్రు?"

"మోటారు బాగు చేయడానికి."

"మీరా?" అన్నాడు. నవ్వలేదు గాని, గోదావరి వంతెన దాటేదాకా నా చేతులనే చూస్తూ కూర్చున్నాడు.

మంచిర్యాలలో దిగేసరికి పదకొండు దాటింది. స్టేషను ఎదుట హోటల్లో పూరీ, చాయ్. పన్నెండింటికి లక్షెట్టిపేట, జన్నారం, ఖానాపూర్ మీదుగా నిర్మల్ బస్సు. కొత్త నయాపైసలు వచ్చి ఏడాదయినా కండక్టరు అణాల్లోనే ధర చెప్పాడు. టేకు అడవి నడుమ మట్టి రోడ్డు. బస్సు రెండుచోట్ల ఆగి నీళ్లు తాగింది. ఆరున్నరకు నిర్మల్ చేరాను. పోస్టాఫీసు వెనుక ముసాఫిర్‌ఖానాలో మంచం దొరికింది. ఈ దారిన వచ్చేవారు దుప్పటి వెంట తెచ్చుకోవడం మంచిది.

మరునాడు బండిని చూశాను. సీటులో కోడి గుడ్లు పెట్టింది. టైర్లు నేలకు అంటుకున్నాయి. తొట్టి పలకలు చెదలు తినేశాయి. గుత్తేదారు డబ్బు అందుకుని, నేను మనసు మార్చుకుంటానేమోనన్నట్టు వెంటనే డబ్బుపెట్టెకు తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

ఊరి బయట మహబూబ్ అనే మిస్త్రీ రేకుల షెడ్డు ఉంది. నలుగురు మనుషులను పెట్టి బండిని అక్కడికి తోయించాను. ఆయన మూత ఎత్తి చూసి బీడీ ముట్టించుకున్నాడు.

"తుక్కుకు అమ్ముకోండ్రి సాబ్. నా మాట ఇనుండ్రి."

"పన్నెండు రోజుల్లో బాగు చేస్తావా, చేయవా?"

"చేస్త. గని పన్నెండు దినాలు అంటున్రు. నాకు వేరే బండ్లు ఉన్నయి. ఇంకో రెండు చేతులు గావాలె."

"ఇవి ఉన్నాయి," అని నా చేతులు చూపించాను.

ఆయన వాటిని తిప్పి చూశాడు. "గివి ఉన్నట్టే లేవు. సరే, రేపటి నుంచి రాండ్రి. గా షేర్వానీ మాత్రం మంచానికే తొడిగి రాండ్రి."

ఆ పన్నెండు రోజుల గురించి ఎక్కువ రాయను. కార్బురేటరు విప్పి కిరోసిన్‌లో కడిగాను. బ్రేకు పట్టాలు మార్చాను. బొమ్మలు చేసే ఒక వడ్రంగి కొత్త తొట్టి బిగిస్తూ, పక్కపలకల మీద చిలుకలు వేస్తానన్నాడు, వద్దన్నాను. మధ్యాహ్నాలు మిస్త్రీ ఇంటి జొన్నరొట్టె, నూరిన పచ్చిమిర్చి కారం. ఇంజను ముందున్న హ్యాండిల్ తిప్పేటప్పుడు అది వెనక్కి తన్ని నా మణికట్టు వాచింది.

"బొటనవేలు అవతలికి పెట్టొద్దు సాబ్," అన్నాడు మిస్త్రీ. "నాలుగు వేళ్ల జతకే ఉంచాలె. బండికి మీ ఖాన్‌దాన్ ఎరుక లేదు."

పదకొండో రోజు ఇంజను పలికింది. ఊగింది, దగ్గింది, నల్లటి పొగ కక్కింది, కాని ఆగలేదు. రేడియేటరు సన్నగా కారుతుంటే మిస్త్రీ పిడికెడు పసుపు అందులో పోశాడు. కారడం ఆగింది. బండి నడపడం నాకు కొత్త కాదు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఒక స్నేహితుడి జీపు మీద నేర్చుకున్నాను, లైసెన్సు ఉంది.

ఆదివారం ఉదయం ఆరింటికి బయలుదేరాను. గోదావరి మీద లారీలు దాటడానికి ఆ చుట్టుపట్ల ఉన్న వంతెన సోన్ దగ్గరే. కనుక ఈసారి మా ఊరి దారి తప్పించుకోవడానికి వీలు లేదు. ఎనిమిదిన్నరకు ఆర్మూరు. చాయ్ తాగి, రేడియేటరులో నీళ్లు పోశాను. పదిన్నరకు మెట్‌పల్లి. పదకొండుంబావుకు కోరుట్ల. అక్కడ పెట్రోలు పోసినతను బండి చుట్టూ తిరిగి, "యాడి దాంక?" అని అడిగాడు. కరీంనగర్ అని చెప్తే, "ఇయ్యాల్నా?" అన్నాడు. ఇవాళే అన్నాను.

కోరుట్ల దాటాక మా ఊరు ఇంకా రెండు కోసుల దూరం ఉందనగా ఒక వాగు వస్తుంది. అక్కడ వంతెన పని నడుస్తోంది. బండ్లు పక్కనుంచి ఇసుకలో దిగి, నీళ్లు దాటి, అవతలి గట్టు ఎక్కాలి. నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. నేను వేగంగా దిగాను. నీళ్లు దాటాను. గట్టు కింద ఇసుకలో వెనక చక్రాలు తిరిగి తిరిగి ఇరుసు దాకా కూరుకుపోయాయి. పన్నెండు గంటలయింది.

పక్క చేనులో ఐదారుగురు మిరపకాయలు బస్తాలకెత్తుతున్నారు. నేను సీట్లోంచే చెయ్యి బయటపెట్టి పిలిచాను.

"ఏయ్, నలుగురు ఇట్ల రండ్రి."

ఒక్కరూ తల ఎత్తలేదు. మళ్లీ పిలిచాను. కొంతసేపటికి ఒక ముసలాయన మెల్లగా నడిచి వచ్చాడు. భుజం మీద తువ్వాలు, చేతికి మిరపకాయల ఎరుపు. బండిని చూశాడు, నన్ను చూశాడు.

"నా ఎడ్లు ఆడున్నయి. కట్టుదామా?"

"ఎడ్లు వద్దు."

"ఎందుకు?"

"మాటిచ్చిన. ఎడ్లు కట్టకుండ కరీంనగర్ తీస్కపోవాలె. మనుషులు తోస్తే చాలు."

"ఎడ్లు వద్దు, మనుషులు గావాల్నా?" అన్నాడు ఆయన. "ఏ ఊరు మీది?"

చెప్పాను. మా నాన్న పేరు కూడా చెప్పాను. దాచుకునే పేరు కాదని నా నమ్మకం.

ముసలాయన బండి తలుపు మీద చెయ్యి వేసి, కోపం లేకుండా చెప్పాడు. "నా పేరు రాజయ్య. గిదే వాగుల మీ బాపు మోటరు మూడుమాట్ల తోసిన. వెట్టి. మబ్బుల, తెల్లారకముందే లేపి తోల్కవచ్చేటోళ్లు. మేము నడుము లోతు నీళ్లల్ల తోస్తుంటె ఆయన లోపల కూసునేటోడు. దిగకపోయేది. మోటరు బరువు మోటరుది, ఆయన బరువు గూడ మేమే తోసినం."

చేనులో ఉన్నవాళ్లు పని ఆపి మావైపు చూస్తున్నారు. ఎడ్లు పాతిక గజాల దూరంలో నెమరు వేస్తున్నాయి. వాటిని కట్టిస్తే పది నిమిషాల్లో గట్టెక్కుతాను, రేపు పొద్దున మామ కుర్చీలో కూర్చుంటాను.

"ఇప్పుడేం చేయమంటవు?" అని అడిగాను.

"దిగు. నువ్వు తోస్తె మేము గూడ తోస్తం."

"స్టీరింగు ఎవరు పట్టాలె?"

"వంతెన కాడ రోలరు నడిపే సాయిలున్నడు. ఆయన పడ్తడు."

పన్నెండు రోజులు నేను విప్పి బిగించిన బండి అది. నా సీట్లో ఇంకొకరు కూర్చోవడం, నేను వెనక నిలబడడం. మా నాన్న తరఫున క్షమాపణ చెప్పమని ఆయన అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదేమో. దిగమన్నాడు, అంతే. నేను దిగాను. షేర్వానీ విప్పి సీటు మీద పెట్టి, చొక్కా చేతులు మడిచాను.

చక్రాల కింద తుమ్మకొమ్మలు, గోనెసంచులు పరిచాం. హ్యాండిల్ నేనే తిప్పాను, బొటనవేలు నాలుగు వేళ్ల జతకే ఉంచి. సాయిలు స్టీరింగు పట్టాడు. తొట్టి వెనక రాజయ్య నా పక్కన భుజం ఆనించాడు.

"వంగు," అన్నాడు. "నిటారు నిలబడి తోస్తె బండి కదల్దు."

వంగాను. ఆయన "ఐసా" అన్నప్పుడల్లా అందరం ఒక్కసారి తోశాం. మూడుసార్లు బండి ముందుకు పోయి మళ్లీ వెనక్కి జారింది. నాలుగోసారి వెనక చక్రం నా ముఖం నిండా బురద చిమ్మి, కొమ్మల మీద పట్టు దొరికించుకుని గట్టెక్కింది. చేనులోని ఆడవాళ్లు పెద్దగా నవ్వారు. నవ్వింది నన్ను చూసే. ఆశ్చర్యమేమంటే, నాకు తలెత్తుకోవడం కష్టమనిపించలేదు.

మీకేమియ్యాలని అడిగితే రాజయ్య తల అడ్డంగా ఊపాడు. "పైసలొద్దు. నా మిర్చి నాలుగు బస్తాలు జగిత్యాల మండికి తీస్కపో. కిరాయి ఎంతో చెప్పు, అది నేనిస్త. తోసుడు తోసుడే, కిరాయి కిరాయే."

అది నా బండికి మొదటి కిరాయి. ఆయన తొట్టిలోకి ఎక్కబోతుంటే ముందు తలుపు తెరిచాను. వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

రెండింటికి మా ఊరు వచ్చింది. చాయ్ దుకాణం ముందు కూర్చున్నవాళ్లలో ఒకడు లేచి చూసి, "గాయన దొర కొడుకు గాదూ?" అన్నాడు. నేను వేగం పెంచలేదు. రాజయ్య కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పాడు.

"అవు. నా మిర్చి తీస్కపోతుండు."

గడీ గోడ పక్కనుంచి పోతూ, దారిలో ఎవరూ లేకపోయినా, హారను రెండుసార్లు కొట్టాను.

జగిత్యాలలో బస్తాలు దించి, రాజయ్య దగ్గర సెలవు తీసుకుని మూడింటికి బయలుదేరాను. గంగాధర దగ్గర రేడియేటరు మళ్లీ కారితే మరో పిడికెడు పసుపు పోశాను. కరీంనగర్ మిల్లు గేటు ముందు బండి ఆపేసరికి పొద్దు ఇంకా గోడ మీదే ఉంది. మామ బయటకు వచ్చి, చక్రాలను, తొట్టిని, ఆ తర్వాత నా ముఖం మీద ఎండిన బురదను చూశాడు.

"ఎడ్లు గుంజినయా?"

"లేదు మామా. మనుషులు తోసిన్రు. నేను గూడ తోసిన."

"నువ్వా?" అన్నాడు. "లోపలికి రా. ముందుగాల కాళ్లు, మొకం కడుక్కో."

"అవ్వకు చూపిచ్చి కడుక్కుంట," అన్నాను. ఇంజను ఆపకుండానే బండి తిప్పుకున్నాను.

నిర్మల్ దారి మంచిదే. ముసాఫిర్‌ఖానా శుభ్రంగా ఉంటుంది, కోరుట్లలో పెట్రోలు దొరుకుతుంది, మిస్త్రీ నమ్మదగినవాడు. వంతెన పూర్తయ్యేదాకా వాగు ఇసుకలో మాత్రం జాగ్రత్త. కూరుకుపోతే పక్క చేనులో మనుషులుంటారు, వస్తారు. ముందు బండి దిగండి. పిలవడం ఆ తర్వాత.