పేరు లేని భార్యకు మాటలు రాసిన గ్రిసెల్దా

గ్రిసెల్దా ఫునెస్ ఉద్యోగం గోడలకు గుద్దుకోవడం. రొసారియో నగరంలో పరుపుల దుకాణం పై అంతస్తులో ఆరుగురు కలిసి నడిపే వీడియో గేమ్ కంపెనీలో ఆమె టెస్టర్. ఆటలోని మనిషిని ప్రతి గోడకూ కొట్టించి చూడాలి, ప్రతి తలుపూ నలభైసార్లు తెరిచి మూయాలి, ఎక్కడ తేడా కనిపించినా బగ్ అని రాసి పెట్టాలి. అంతకుముందు తొమ్మిదేళ్లు సూపర్‌మార్కెట్ కౌంటర్లో కూర్చుంది. ముప్పై నాలుగో ఏట ఈ పని దొరికితే, ఆడుకున్నందుకు జీతం కూడా ఇస్తారా అని వాళ్లమ్మ రెండు రోజులు నమ్మలేదు.

ఆ ఏడాది వాళ్లు తయారుచేస్తున్నది పరానా నది మీద తిరిగే ఒక పడవ కథ. మొదటి దృశ్యంలోనే పడవ యజమాని ఇంటికి దొంగలు నిప్పు పెడతారు. భార్య చనిపోతుంది. అతను పగ తీర్చుకోవడానికి బయలుదేరతాడు. గ్రిసెల్దా ఆ దృశ్యాన్ని మూడొందల సార్లయినా ఆడి ఉంటుంది. అంటే ఆ భార్య మూడొందల సార్లు ఆమె కళ్లముందే పోయింది. మొదట్లో ఏమీ అనిపించలేదు. ఒక మంగళవారం, పొగ సరిగా లేస్తోందో లేదో చూస్తుండగా, ఆ భార్య పేరేమిటో తనకు తెలియదని తట్టింది. వెతికింది. ఫైళ్లలో ‘భార్య 1’ అని ఉంది. ఆమె పలికేవి నాలుగే మాటలు. అందులో మూడు మొగుడి పేరే. పడవలోని కుక్కకు మాత్రం పేరుంది, పదకొండు రకాల మొరుగుళ్లున్నాయి.

గ్రిసెల్దా రోజూ రాసే పద్ధతిలోనే రాసింది: “బగ్ 412. భార్య పనిచేయడం లేదు. చనిపోక ముందు ఈమె బతికినట్టు ఆధారం దొరకలేదు.”

మర్నాడు కంపెనీ పెద్ద లౌతారో దాన్ని అందరి ముందూ చదివాడు. గ్రిసెల్దా కంటే ఐదేళ్లు చిన్నవాడు. నవ్వులు ఆగాక, “ఇది బగ్ కాదు తల్లీ, కథ,” అన్నాడు.

“కథలో బగ్.”

“ఆవిడ చావకపోతే వాడు ఇల్లు కదలడు కదా.”

“చంపొద్దని నేనన్నానా? ముందు కాస్త బతకనివ్వండి అంటున్నా.”

బొమ్మలు గీసే సీరో కుర్చీ వెనక్కి వాల్చాడు. “ఇహ చూస్కోండి, మన పడవలోకి ఆడవాళ్ల హక్కుల ఊరేగింపు జెండాలు కూడా ఎక్కుతాయి.”

“ఎక్కితే ఎక్కనీ. మన జులై చలికాలంలో నువ్వు తొడిగిన ఆ జానెడు గుడ్డతో ఆవిడ నిప్పంటుకోక ముందే పోయేది.”

ఈసారి నవ్వు సీరో మీదికి మళ్లింది. కానీ గ్రిసెల్దా చూపు ఎవరిస్తో అనే పెద్దాయన వైపే ఉంది. కథ రాసింది ఆయన. అరవై దాటిన మనిషి, రేడియోలో ముప్పై ఏళ్లు నాటకాలు రాసి వచ్చినవాడు. ఆమె ఆఫీసులో అడుగుపెట్టిన మొదటి రోజు పిలిచి అందరూ పంచుకుని తాగే మాతే తేనీటి గిన్నె చేతికిచ్చింది ఆయనొక్కడే. అలాంటివాణ్ణి నలుగురిలో చిన్నబుచ్చానే అనుకుంది.

ఎవరిస్తో కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “రేడియోలో ఎంతమంది పెళ్లాలను చంపానో నాకే గుర్తులేదు. ఒక్కరూ ఇలా చీటీ రాయలేదు,” అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, “ఈవిడెవరో నాకు తెలియదు పిల్లా. నీకు తెలిస్తే నువ్వు రాయి. నేను పక్కన కూర్చుంటా.”

ఆమెకూ తెలియదు. కానీ తెలిసిన మనిషి ఒకరున్నారు. శనివారం లాంచీ ఎక్కి నది అవతలి దీవికి వెళ్లింది. అక్కడ డెల్మీరా అనే డెబ్భై ఏళ్ల ఆవిడ పడవ ఇంజన్లు బాగుచేస్తుంది. గ్రిసెల్దా చిన్నప్పుడు నాన్నతో కలిసి వచ్చేది.

“ఇల్లు తగలబడితే ఏం చేస్తారు దోన్యా?” అని, అక్కడి పెద్దావిళ్లను పిలిచే పిలుపుతోనే అడిగింది.

డెల్మీరా చేతికంటిన నూనె గుడ్డకు రాసుకుంది. “చేస్తారు కాదు, చేశాను. పెట్రోలు డబ్బాను నీళ్లలోకి తన్నాను. తర్వాత మా ఆయన్ని తిట్టాను.”

“ఆయన్నెందుకు?”

“గట్టున నిలబడి నన్ను పేరుపెట్టి పిలుస్తున్నాడు. పిలిస్తే మంట ఆరుతుందా? బకెట్టు తీసుకోవాలి గానీ.”

తిరుగు లాంచీలో గ్రిసెల్దా టికెట్టు వెనకాల ఆ మాటలే రాసుకుంది.

రాయడానికి పదకొండు వారాలు పట్టింది. భార్యకు ఫెలీసా అని పేరు పెట్టారు. డెల్మీరా మాటలు రాశాక ఆవిణ్ణి చంపడం కుదరలేదు, చావు తీసేశారు. ఇల్లు పోయాక మొగుడూ పెళ్లాం ఇద్దరూ పడవెక్కుతారు, ఇంజన్ ఆమె చేతిలో ఉంటుంది. ఫెలీసా దేవతేమీ కాదు. అబద్ధాలాడుతుంది, ఓడిపోతే మూతి ముడుచుకుంటుంది, దొంగల్లో ఒకడి మీద జాలిపడి ప్రమాదం కొనితెచ్చుకుంటుంది. గ్రిసెల్దా రాసిన ఒక పెద్ద ప్రసంగాన్ని ఎవరిస్తో అడ్డంగా కొట్టేశాడు.

“ఇందులో మాట్లాడుతున్నది నువ్వు. ఆవిడ ఇంజన్ ముందు కూర్చుని ఉంది, చేతులు కాలుతున్నాయి. ఇంతసేపు మాట్లాడుతుందా?”

ఆమె పూట పూటంతా అలిగి కూర్చుంది. సాయంత్రం ఆ ప్రసంగాన్ని ఆరు మాటలకు కుదించి తెచ్చింది. ఎవరిస్తో అది చదివి తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.

లౌతారో కొత్త భాగాన్ని భోజనం మానేసి ఆడాడు. “గొంతులన్నీ మళ్లీ రికార్డు చేయాలి, రెండు నెలలు వెనకబడతాం, రోజూ నిన్ను తిట్టుకుంటా,” అన్నాడు. తర్వాత అందరి వైపు చూసి, “సరే, కానీయండి,” అన్నాడు. సీరో ఎవరూ అడక్కుండానే ఫెలీసాకు మెడదాకా వచ్చే ఉన్ని స్వెట్టర్ గీశాడు. అది వాళ్లమ్మ అల్లినదాని నమూనా అని తర్వాత తెలిసింది.

ఆట విడుదలైంది. మరీ గొప్పగా ఆడలేదు, మునగనూ లేదు. ఆడదాని చేతికి పడవ ఇచ్చి చెడగొట్టారని కొందరు రాశారు. ఇంకా ఘోరమైనవీ రాశారు. అలాంటివి రెండు చదివి గ్రిసెల్దా వంటగదిలో నిలబడి ఏడ్చింది. వారం తర్వాత నదికి ఎగువన పరాగ్వే నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ ఇసుక పడవ నడుపుతుందట. “ఆట చూసి మా అమ్మాయి, అమ్మా, వీళ్లకు నువ్వెలా తెలుసు అని అడిగింది. ఏం చెప్పను?” అని రాసింది. గ్రిసెల్దా దాన్ని అచ్చు వేయించి డెల్మీరాకు ఇచ్చి వచ్చింది. ఆవిడ చదివి, పనిముట్ల పెట్టె మూతకు లోపలివైపు అంటించుకుంది.

ఆట చివర వచ్చే పేర్లలో ఎవరిస్తో రచయితగా గ్రిసెల్దా పేరును ముందు, తన పేరును రెండోదిగా పెట్టించాడు. అది తెర మీద చూసేదాకా ఆమెకు చెప్పలేదు.

ఇప్పుడు ఆమె పూర్తిగా రచయితే. ఎవరిస్తో పని మానేశాడు, చూపు బాగా తగ్గింది. గ్రిసెల్దా గురువారాల్లో ఆయన ఇంటికి వెళ్లి, ఒక నర్సు గురించి రాస్తున్న కొత్త కథ పేజీలు చదివి వినిపిస్తుంది. ఒకసారి ధైర్యం చేసి, “మీరు ఆరోజు కోప్పడి ఉంటే నేను మళ్లీ గోడలకే గుద్దుకుంటూ ఉండేదాన్ని,” అంది. ఆయన పొగడ్త పడని మనిషి, చేత్తో తోసేశాడు.

“అది సరే, ఆ నర్సు సంగతి చెప్పు. వచ్చే వారం ఆసుపత్రి వదిలి వెళ్తుందా, వెళ్లదా?”

“నాకూ ఇంకా తెలియదు,” అంది గ్రిసెల్దా, పేజీ తిప్పుతూ. “ఆవిణ్ణి అడగాలి.”