విస్తట్లో పెట్టని పొగాకు

దెయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. మా అత్త ప్రాణం పోయిన మంచం మీదే ఆ మరుసటి వారం నుంచి పడుకున్నాను, నాకేమీ కాలేదు. ఇది భయపడి రాస్తున్నది కాదు. జరిగింది చెబుతున్నాను, అంతే.

మాది చిత్తూరు పక్కన పల్లె. తిరుపతిలో అద్దెకుంటాము. నేను బట్టలు కుడతాను, మా ఆయన ఆటో తోలుతాడు. రెండేళ్ళ కింద నా నాలుక పక్కన పుండు లేచింది. ఎంతకీ మానకపోతే పరీక్ష చేసి క్యాన్సరన్నారు. డాక్టరమ్మ మొదట అడిగింది, పొగాకు వేస్తావా అని. జన్మలో వేయలేదన్నాను. ఆమె నమ్మింది. అలవాటు లేనివాళ్ళకూ వస్తుందని చెప్పింది కూడా. నమ్మనిది మా ఆయనే.

దానికీ కారణముంది. మా అత్తకు పళ్ళు లేవు. ఆకు, వక్క, సున్నం, లవంగం, పొగాకు చిన్న రోట్లో దంచి, ఆమె పోయేదాకా అరచేతిలో పెట్టింది నేనే. దంచిన చెయ్యి నోటిదాకా పోకుండా ఉంటుందా అని ఆయన అనుమానం. పైకి అనలేదు. ఆస్పత్రికి తిప్పినన్నాళ్ళూ ముఖంలో కనబడేది. పుండుకంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది నాకు.

ఆపరేషన్ అయ్యాక కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను మా వైపు అట్లే అంటారు. నోరంతా పొక్కింది, ఉమ్మి ఊరడం మానేసింది, రుచి చచ్చిపోయింది. రాగిజావ తాగినా, చింతపండు నాకినా తడి అట్ట నమిలినట్టే. నెలలు గడిచినా అంతే. అన్నం ముందు కూర్చుంటే ఏడుపొచ్చేది.

మహాలయ అమావాస్యకు పల్లెకు పోయాము. ఆ రోజు పోయిన పెద్దలకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, తలుపు మూసి, కాసేపు బయట కూర్చుంటాము. వాళ్ళు తిన్నాకే మనం ముట్టాలి. వండేటప్పుడు ఉప్పు చూడటం కూడా తప్పే. అందుకని, నాలుకకు రుచి తెలియకపోయినా, ఆ ఒక్క పూట నేనూ అందరిలాగే వంట చేశాను. సంతోషంగానే ఉండింది.

మా అత్త విస్తట్లో ఏటా ఆకూ వక్కా పొగాకూ పెడతాము. ఈసారి మా ఆయన ఒప్పుకోలేదు.

"ఆ పీడ ఇంగ మన ఇంట్లోకి రాకూడదు మే" అన్నాడు. పొగాకు పొట్లం తీసుకుపోయి తనే పెంటదిబ్బలో పారేసి వచ్చాడు.

తలుపు తీశాక, మింగడానికి సులువని నాకు మా అత్త విస్తట్లోని పాయసం ఇచ్చారు. మొదటి స్పూను నోట్లో పెట్టుకోగానే చెంప లోపల సున్నం చురుక్కుమంది. తర్వాత లవంగం ఘాటు. ఆ వెనకే పొగాకు, గొంతుదాకా. అన్ని నెలల తర్వాత నా నాలుకకు తెలిసిన మొదటి రుచి అది. తల తిరిగింది. సిగ్గు విడిచి చెబుతున్నా, ఉమ్మలేదు. ఏదైతేనేం, రుచి కదా. ఇంకో స్పూను తిన్నాను.

అదే పాయసం ఇంట్లో అందరూ తిన్నారు. తియ్యగా ఉందన్నారు.

మా ఆయనకు చెబుదామని దగ్గరికి పోయి నోరు తెరిచాను. ఒక్క మాట రాకముందే ఆయన ముఖం వెనక్కి తీసుకున్నాడు.

"యాడ దాచినావు మే? నోరంతా పొగాకు కంపు కొడతాండాది."

మా అత్త పటం మీద ఒట్టేశాను. ఆయన లేచి బయటికి పోయాడు.

కరెంటు తర్వాత నాలుక లేని రుచులు చూపిస్తుందని డాక్టరమ్మ చెప్పింది. సరే, నా నాలుకే అబద్ధం చెప్పిందనుకుందాం. కరెంటు పెట్టింది నా నోటికి, ఆయన ముక్కుకు కాదు గదా.  

అప్పటినుంచి రుచులు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఉప్పు, పులుపు, ఆఖర్న తీపి. పొగాకు మళ్ళీ తగల్లేదు.

మా ఆయన రోజూ ఆటో ఆపి ఇంట్లోకి రాగానే నా ముందు నిలబడతాడు.  నేను నోరు తెరుస్తాను. వంగి వాసన చూసి, అప్పుడు చెప్పులు విప్పుకుంటాడు.