ఆరేదాకా కూర్చోవాలి

ల్యాప్‌టాప్ గంటసేపు పనిచేశాక దాని అడుగున అరచెయ్యి పెడితే ఒక వెచ్చదనం తగులుతుంది. పొద్దు వాలాక మా బేతంచెర్లలో నాపబండ మీద చెయ్యి పెడితే తగిలేదీ అదే. మా చెల్లెలి మనవరాలు శ్రావణి నేలమీద బోర్లా పడుకొని ఆ చిన్న యంత్రంలో ఏదో టైపు చేసుకుంటూ ఉంటుంది. నేను మాటిమాటికీ వెళ్లి దాని అడుగున చెయ్యి పెట్టి చూస్తుంటాను. "తాతా, అదేమన్నా జరమొచ్చిన పిల్లోడా?" అని నవ్వుతుంది. నవ్వనీ. ఈ అలవాటు నాది కాదు, జైనబక్కది.

నాకు బడి లేదు. మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కల మీద అక్షరాలు నేనే కూడబలుక్కున్నాను. వయసులో ఉన్నప్పుడు బండల పాలిష్ ఫ్యాక్టరీలో లారీలకు లోడు ఎత్తే కూలీని. అక్కడికి బండలు కొనడానికి వచ్చేది జైనబక్క. భర్త పోయాక, ఆయన చేసిన పనే తను అందుకుంది. చిన్నచిన్న ఇళ్లకు నేల పరిచే పని గుత్తకు పట్టేది. పొట్టి మనిషి, గొంతు మాత్రం క్రషర్ మిషన్ చప్పుడును దాటి వినిపించేది. ఏరిన ప్రతి బండ మీదా చెంబుతో నీళ్లు పోసేది, గుడ్డతో తుడిచేది, బోర్లించిన బకెట్టు మీద ఎండలో కూర్చునేది.

ఆమెను మొదటిసారి చూసిన రోజు మా ఓనరు ఎగతాళి పట్టించాడు. "ఏమ్మా, బండకు నీళ్లు పోస్తాండావు, అదేమన్నా మొలకెత్తుతాదా?"

"మొలకెత్తేదయితే పోసి పోయేదాన్నప్పా. బండ కాబట్టే పోసి కూర్చుంటాండా."

పాలిష్ పట్టిన ఏ బండైనా తడిస్తే అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు చూసి కొనేసేవాళ్లే ఎక్కువ. తుడిచి, ఆరేదాకా ఆగితే, పగులున్న చోట మాత్రం తడి పోదు. వెంట్రుకంత నల్లటి గీత మిగిలిపోతుంది. ఆ రోజు ఒక బండలో అలాంటి గీతే తేలింది. జైనబక్క దాన్ని కాలి బొటనవేలితో చూపించింది. ఓనరు నవ్వేశాడు. "ఆమాత్రం గీత ఎవురికి కనపడతాదిలేమ్మా. నువ్వు పరిచేది పేదోళ్ల ఇండ్లకే కదా."

ఆమె బకెట్టు మీదనుంచి లేచింది. "పేదోళ్ల ఇండ్లల్లో మంచాలుండవప్పా. ఆ బండమీదే పండుకుంటారు, ఆ బండమీదే పిల్లోళ్లను కంటారు. వాళ్లకే బాగుండల్ల."

లోడు ఎత్తుతున్న నేను అలాగే నిలబడిపోయాను. పేదవాడికి మేలైన సరుకే కావాలని గట్టిగా చెప్పిన మనిషిని అంతకుముందు నేను చూడలేదు. ఆ వారమే ఆమె దగ్గర పనిలో చేరాను.

ఆమెతో బజారుకు వెళ్లడమంటే పరువు ఇంట్లో పెట్టి వెళ్లడమే. తన కూతురికి టేబుల్ ఫ్యాను కొందామంటే కర్నూలు వెళ్లాం. స్విచ్చి వేయించి దాని ముందు స్టూలు లాక్కొని కూర్చుంది. షాపతను టీ తాగాడు, లెక్కలు చూసుకున్నాడు, చివరికి విసుక్కున్నాడు. "కంపెనీ సరుకమ్మా, ఎంతసేపు చూస్తావు?"

"నాకు గాలాడుతాంది, నీకేం నష్టం?"

నేను సిగ్గుతో గోడకేసి చూస్తున్నాను. కాసేపటికి ఫ్యాను కీచుమని అరవడం మొదలుపెట్టింది. బయటికొచ్చాక నాతో అంది: "అడిగేదానికి సిగ్గుపడినోడు మోసపోయేదానికి తయారైనోడు. గోడలో ఏమి చూస్తాంటివిరా ఇంతసేపు?"

ఆమె పోయాక గోరీకి తెచ్చిన బండ మీద నేనే నీళ్లు పోసి కూర్చున్నాను. చుట్టాలు గుసగుసలాడారు. ఆమె కొడుకు మాత్రం "కూర్చోనీండి, అమ్మ అయితే ఊరుకునేదా" అన్నాడు. మొదటి బండను వాపసు పంపించాం.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. శ్రావణి కర్నూలులో కంప్యూటర్ డిప్లొమా చదువుతోంది. ఇన్నాళ్లూ పగిలిన ఫోనులో బొటనవేలితో ప్రోగ్రాములు రాసుకుంది. సొంతంగా ఒక యంత్రం లేకపోతే ఈసారి ప్రాక్టికల్స్ గట్టెక్కడం కష్టమని తేలింది. కొనగలిగేది ఒక్కసారే. అది మొరాయిస్తే ఇంకొకటి కొనే తాహతు మా ఇంట్లో ఎవరికీ లేదు.

షాపులో చవక రకాల వరసలో ఒకటి బయటపెట్టి ఉంచారు. వెండి రంగు, కాగితంలా పలచన, తెర నిండా నీలం నీళ్లలో చేపలు. శ్రావణి కళ్లు దానికే అతుక్కున్నాయి. మెడలో ట్యాగు వేసుకున్న అబ్బాయి అప్పటికే బిల్లు పుస్తకం తీశాడు.

"ఆ చేపలను ఆపి, ఈ పిల్ల చదువు పెట్టప్పా," అన్నాను.

పాఠం వీడియో ఒకపక్క, తను ప్రోగ్రాము రాసుకునేది ఒకపక్క తెరిచింది శ్రావణి. రెండూ చకచకా నడిచాయి. "చూశారు కదా పెద్దాయనా, బిల్లేద్దామా?" అన్నాడు అబ్బాయి.

"ఆరనీ."

"ఏంది?"

"ఏం లేదులే, కూర్చో."

శ్రావణి నా చొక్కా లాగింది. "తాతా, పోదాం పా. అందరూ మన పక్కే చూస్తాండారు." నేను కదల్లేదు. ఇంకాసేపటికి పాఠం చెప్పే పంతులు నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయాడు. శ్రావణి కొట్టిన అక్షరాలు తెరమీదికి రావడం మానేశాయి. అబ్బాయి భుజాలు ఎగరేశాడు. "ఈ రేటుకు ఇంతే పెద్దాయనా. ఏదో మీ పిల్ల చదువుకు ఇది చాలు."

మీకిది చాలు! ఈ మాట జీవితమంతా విన్నాను. కూలోడి కొడుక్కు వేలిముద్ర చాలన్నారు. కూలీల కాలనీకి రెండురోజులకోసారి వచ్చే కుళాయి చాలన్నారు. ఎవరికి ఏది చాలో కొలిచే హక్కు వీళ్లకు ఎవరిచ్చారు? నా గొంతు నాకే క్రషర్ మిషన్‌లా వినిపించింది. "ఉన్నోళ్ల పిల్లకు ఇది ఆగిపోతే ఇంట్లో ఇంకోటి ఉంటాదప్పా. మా పిల్లకు ఇదొక్కటే. మాకే బాగుండల్ల!"

ఆ కేకకు లోపలినుంచి మేనేజరు వచ్చి, అదే ధరలో ఇంకొక డబ్బా తెప్పించాడు. నల్లటిది, మందంగా ఉంటుందట, చూపుకు ఆనదని ఎవరూ అడగరట. "సీలు తీస్తే మాత్రం తీసుకోవాల్సిందే," అన్నాడు అబ్బాయి.

నేను నోరు తెరిచేలోపే శ్రావణి స్టూలు లాక్కొని కూర్చుంది. "తీసి చూపించన్నా. మంచిగుంటే తీసుకుంటాం, లేకుంటే లేదు. మేమేం ఊరికే అడగలేదే."

అబ్బాయి మేనేజరు వైపు చూశాడు. మేనేజరు తల ఊపాడు. సీలు తెగింది. పాఠం, ప్రోగ్రాము రెండూ పెట్టింది పిల్ల. కాసేపటికి అబ్బాయి మూత వేయబోతే, "ఇంకా కాలేదు, ఉండు," అని, అరచెయ్యి దాని అడుగున పెట్టి కూర్చుంది. నా వైపు చూడను కూడా చూడలేదు. అందరూ మమ్మల్నే చూస్తున్నారు. ఈసారి గోడకేసి ఎవరూ తిరగలేదు.

నిన్న ఆ షాపునుంచి ఫోను వచ్చింది. ఎవరో అమ్మాయి, మర్యాదగా మాట్లాడింది. "సార్, మా దగ్గర కొన్న ల్యాప్‌టాప్ ఎలా ఉంది? ఐదు స్టార్లకు ఎన్ని ఇస్తారు?"

జైనబక్క ఏరి పరిపించిన నేల మీద, శ్రావణి పాఠం వింటూ బోర్లా పడుకొని ఉంది. నేను వంగి ఆ నల్ల ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టి చూశాను.

"ఇంకా ఆరలేదమ్మా," అన్నాను. "ఆరినాక చెప్తా."