పళ్లెం అడుగున బొట్టు

మా ఆయనకు దేవుడంటే భక్తి, తుపాకీ అంటే భయం. నాకు రెండూ లేవు. అమెరికాలో చాండ్లర్ అనే ఊళ్లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో, కంటికి కనిపించని తేడాలు పట్టుకుని అందరి మీదా కేకలేయడం నా ఉద్యోగం. సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాది మా స్నేహితులందరూ యూరప్‌కి టికెట్లు బుక్ చేసుకుంటే నేను వేట లైసెన్స్ తీసుకుని రైఫిల్ కొన్నాను. అక్క ఫోన్ చేసి, "నీకేమైనా పిచ్చి పట్టిందా?" అని అడిగింది. పట్టింది. కాకపోతే అది తుపాకీ పిచ్చి కాదు, తూటా పిచ్చి.

ఊరికి దక్షిణాన, ఎడారి మొదలయ్యే చోట ఒక మేకల ఫారం ఉంది. మనవాళ్లు శనివారాల్లో వెళ్లి మేకపోతును బేరమాడి నలుగురైదుగురు వాటాలు పంచుకునే చోటు అదే. దాని యజమాని ముసలి అమెరికన్, మాట కరుకు, మనిషి మంచివాడు. ఆయన మేకపిల్లల్ని కయోటీలు ఎత్తుకుపోతుంటాయి. కయోటీ అంటే నక్కకు పెద్దది, తోడేలుకు చిన్నది, బుద్ధిలో రెండింటికీ గురువు. షెడ్డు వెనక చిన్న గుట్ట ఉంది. దాని మీద కూర్చుంటే ఎండిపోయిన వాగు మొత్తం కనిపిస్తుంది. రెండు చలికాలాలు ఆ గుట్ట నాది.

మొదటి చలికాలంలోనే అక్కడ మూడు కాళ్ల కయోటీని చూశాను. ఎవరో గురి కుదరకుండా కాల్చి వదిలేశారు. కుందేళ్ల వెంట పరుగెత్తలేక అది రోజూ మేకపిల్లల మీదికే వచ్చేది. చంపితే ఒక్క దెబ్బకి చంపాలి, లేదంటే ఇంట్లో కూర్చోవాలని ఆ రోజు అనుకున్నాను. షాపు తూటాలు ఒక్కోటి ఒక్కో తీరుగా పోతాయి కాబట్టి, తూటాలు సొంతంగా చేసుకోవడం అలా మొదలైంది.

పని పెద్ద కష్టం కాదు, ఓపిక ఉండాలి అంతే. కాల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి కేసుల్ని కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ప్రెస్‌లో నొక్కి ఆకారం సరిచేసి, అడుగున నిప్పు రాజేసే కొత్త ప్రైమర్ పెట్టి, తుపాకీమందు తూచి పోసి, పైన గుండు బిగించాలి. కేసులు కడగడానికి అందరూ ఏవేవో పొడులు కొంటారు. నేను పూజ సామాను తోమినట్టే చింతపండు రసంలో నానేస్తాను. ఒకసారి ఆ వాసనకి పక్కింటి తెలుగావిడ పులిహోర అనుకుని ఖాళీ గిన్నెతో వచ్చింది.

అసలు ప్రాణమంతా మందు తూకంలో ఉంది. దాన్ని గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే కంసాలి గురివింద గింజ ఎత్తులో ఇంచుమించు సగం. అందులో పదో వంతు దగ్గర కూడా నేను రాజీపడను. నా త్రాసు పాతకాలపు ముల్లు త్రాసు. పళ్లెం తగిలించి ముల్లు సున్నా దగ్గర నిలబెట్టానంటే ఇక దాన్ని మించిన సత్యసంధుడు లేడని నా నమ్మకం.

ఇలా ఉండగా మా బావ కూడా రైఫిల్ కొన్నాడు. బావంటే అక్క మొగుడు, కరీంనగర్ మనిషి, నాలుగు వీధుల అవతల ఉంటాడు. షాపులో డబ్బా తూటాలు కొని, మా గరాజ్‌కి వచ్చి నా బల్ల చూసి నవ్వేవాడు.

"ఏందే మరదలా, డబ్బాల కొనుక్కుంటె అయిపోయేదానికి గింత తిప్పలెందుకే? బియ్యం దొరుకుతుంటె వడ్లు దంచుకుంట కూసున్నట్టుంది."

అంతటితో ఊరుకోకుండా మేకల పెద్దాయన దగ్గరికి వెళ్లి గుట్ట తనకూ కావాలన్నాడు. పెద్దాయన ఒకటే మాట చెప్పాడు. గుట్ట మీద ఒక్క తుపాకీయే ఉండాలి. దసరా తర్వాతి శనివారం ఇద్దరూ రెండు వందల గజాల నుంచి అయిదేసి గుళ్లు కాల్చాలి. ఆయన కాఫీ మగ్గు బోర్లించి అట్టముక్క మీద గీసిన సున్నాలోనే అయిదూ పడాలి. ఎవరి గుళ్లు దాటకుండా ఉంటే ఈ చలికాలం గుట్ట వాళ్లది, ఇద్దరివీ దాటకపోతే దగ్గర దగ్గరగా పడినవాళ్లది. నా గుట్ట కోసం నేను పరీక్ష రాయాలా అని ఒళ్లు మండింది. అయినా బావ మీద గెలవడమనే ముచ్చట ఎలాగూ ఉంది కదా అని ఒప్పుకున్నాను.

దసరా వచ్చింది. మా ఆయన ఆయుధపూజ అంటే ఇల్లంతా జాతరే. కార్లకీ, లాప్‌టాప్‌లకీ, మిక్సీకీ, వాక్యూమ్ క్లీనర్‌కీ, అందరికీ గంధం బొట్టు, దాని మీద కుంకుమ. కిందటేడు నా రైఫిల్‌కి గురి చూసే స్కోప్ అద్దం మీదే పెట్టాడు. వారం రోజులు నస పెట్టాను. అందుకని ఈసారి ముందే హెచ్చరించాను.

"నా బల్ల మీద బొట్టు కనపడిందంటే ఊరుకోను."

"కనపడదులే" అన్నాడు, బుద్ధిమంతుడిలా.

పూజ అయ్యాక, గాలికి ముల్లు ఊగకుండా ఏసీ ఆపేసి, ఆ ఉక్కలో కూర్చుని తూటాలు చేశాను. ఎప్పటిలాగే వరస తప్పకుండా పెట్టెలో అమర్చాను. పరీక్షకి ఫ్యాక్టరీ అలవాటు ప్రకారం శాంపిల్ తీశాను. మొదట చేసినదొకటి, చివర చేసినదొకటి, మధ్యలోంచి మూడు.

శనివారం బావ ముందు కాల్చాడు. అయిదూ చెల్లాచెదురుగా పడ్డాయి కానీ సున్నా దాటలేదు. ఒకటి మాత్రం గీతని నాకుతోంది. తర్వాత నేను, తూటాలు చేసిన వరసలోనే. మొదటిది సున్నా మధ్యలో పడింది. రెండోది దానికి కొంచెం పైన, మూడోది ఇంకా పైన. నాలుగోది గీత దాటింది, అయిదోది ఇంకా పైకి పోయింది. అట్టముక్క మీద నిచ్చెన వేసినట్టుంది.

బావ దాని ముందు నిలబడి చేతులు కట్టుకున్నాడు. "కయోటీ చెట్టెక్కినప్పుడు పనికొస్తది తియ్యి" అన్నాడు.

పెద్దాయన గుట్ట బావకిచ్చాడు. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. ఓడినందుకు కాదు, నమ్ముకున్న తూకం నన్ను మోసం చేసినందుకు.

ఇంటికొచ్చి ఆ అట్టముక్క గరాజ్ గోడకి తగిలించి కూర్చున్నాను. గుళ్లు పక్కకి చెదరలేదు కాబట్టి చెయ్యి వణకలేదు. చేసిన వరసలోనే పైకి ఎక్కాయి కాబట్టి, చేస్తున్నకొద్దీ ఏదో కొంచెం కొంచెంగా మారింది. పైకి ఎక్కిందంటే వేగం పెరిగింది. వేగం పెరిగిందంటే మందు పెరిగింది. త్రాసు వంక అనుమానంగా చూసి, పళ్లెం తీసి బోర్లించాను.

అడుగున గంధం బొట్టు. దాని నడుమ కుంకుమ. ఎండి, పగిలి, అంచులు రాలిపోయి ఉంది.

తడిగా ఉన్నప్పుడు దాంతో సహా ముల్లు సున్నాకి సరిచేశాను. అది ఆరుతున్నకొద్దీ పళ్లెం తేలికైంది. తేలికైన మేరకు నేను మందు ఎక్కువ పోశాను. మొదటి నుంచీ మందు తక్కువ మోతాదులోనే వాడే అలవాటు కాబట్టి ప్రమాదం తప్పింది. మిగిలిన తూటాలన్నీ పక్కన పెట్టి, విప్పేయాలని చీటీ అంటించి, అప్పుడు గొంతెత్తాను.

"ఇలా రావయ్యా మహానుభావా!"

వచ్చాడు. నా చేతిలో బోర్లించిన పళ్లెం చూశాడు.

"కనపడితే ఊరుకోనన్నావు. అందుకే కనపడకుండా పెట్టాను."

"దీనివల్ల నా గుట్ట పోయింది తెలుసా? ఆరిన బొట్టు ఎంత తేడా తెస్తుందో తెలుసా మీకు?"

ఆయన బొట్టు మీద వేలు పెట్టి చూశాడు. "ఆఫీసులో కాలిబ్రేషన్ చెయ్యలేదని అందరినీ తిడతావు కదా. ఇక్కడ మధ్యలో మళ్లీ సున్నా చూసుకోవా?"

గురివింద గింజ తన కింది నలుపు ఎరగదని సామెత. నా గురివింద కింద ఎరుపు. తప్పు నాదని తేలితే నాకు కోపం రెట్టింపవుతుంది.

"అసలెందుకు పెట్టినట్టు? నేను గెలవాలనా?"

"నువ్వు గెలిస్తే నాకేంటి, ఓడితే నాకేంటి?" అన్నాడు. "నువ్వు ఈ బల్ల దగ్గర కూర్చున్నంతసేపూ నేను టీవీ కట్టేసి హాల్లో కూర్చుంటాను. చప్పుడేమైనా వస్తుందేమోనని వింటుంటాను. మందుతో పని కదా. నీకేం కాకూడదని పెట్టాను."

ఇన్నాళ్లూ టీవీ ఆగిపోతే, నాకు ఇబ్బంది కాకూడదని కట్టేశాడనుకున్నాను. కోపం పోలేదు గానీ గొంతు తగ్గింది. ఆ మనిషి భయానికి నేను ఏనాడూ విలువ ఇవ్వలేదని అప్పుడే తెలిసొచ్చి సిగ్గేసింది.

మరుసటి శనివారం ఆ పళ్లెం, కొత్త తూటాలు పట్టుకుని ఫారానికి వెళ్లాను. బావ అప్పటికే గుట్ట మీద కుర్చీ వేయించుకునే పనిలో ఉన్నాడు. పళ్లెం అడుగు పెద్దాయనకి చూపించి, ఏడాదికోసారి మేం పనిముట్లకు పూజ చేస్తామని ఇంగ్లీషులో నానా తంటాలు పడి చెప్పాను.

"అయితే మీ దేవుడు నీ గురి తప్పించాడంటావు" అన్నాడాయన.

"దేవుడు కాదు, మా ఆయన."

పెద్దాయన టోపీ తీసి మరీ నవ్వాడు. బావకి మాత్రం నవ్వు రాలేదు.

"గిదేం న్యాయమే? ఓడినంక నెపం బొట్టు మీద పెడ్తవా?"

ఏమంటున్నాడని పెద్దాయన నన్ను అడిగాడు. "పాపం, నాకు ఇంకో అవకాశం ఇవ్వమంటున్నాడు" అని అనువదించాను.

బావ నోరు తెరిచాడు. పెద్దాయన అప్పటికే అతని భుజం తట్టి, నువ్వు చాలా పెద్దమనిషివి అంటున్నాడు. తెరిచిన నోరు మూయక తప్పలేదు.

అయిదు కాల్చాను. అయిదూ కలిపి, కారు టైరు కింద పెట్టే నిమ్మకాయ చాటున దాగేంత చోటులో పడ్డాయి. బావ అట్టముక్క దగ్గరికెళ్లి చూసొచ్చి, కుర్చీ కిందికి దింపించాడు.

ఆదివారం తెల్లవారకముందే బయల్దేరుతుంటే మా ఆయన గరాజ్‌లో కుంకుమ భరిణె పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడ పెట్టాలో తెలియక రైఫిల్ వంకా, బల్ల వంకా, నా వంకా చూస్తున్నాడు. నేను నుదురు ముందుకి చాపాను.

"ఇక్కడ పెట్టండి. ఇక్కడ ఎంత బరువైనా ఫర్వాలేదు."

పొద్దు పొడవగానే గుట్ట మీద కూర్చుని, దెబ్బ తిన్న కుందేలులా అరిచే ఈల ఊదాను. చాలాసేపటికి వాగులోంచి ఒక కయోటీ తలెత్తి వచ్చింది. నిలబడింది. ఒక్క గుండు. ఉన్నచోటే పడిపోయింది, మళ్లీ కదలలేదు. సంతోషం కలగలేదు. అది కుంటుకుంటూ ఎటూ పోలేదన్న నిమ్మళం మాత్రం కలిగింది. కింద షెడ్డులో మేకపిల్లలు పాలకోసం గోల చేస్తున్నాయి.

ఫోన్ మోగింది. బావ.

"మరదలా, నాగ్గూడ ఓ పాతిక చేసియ్యరాదే."

"డబ్బాల కొనుక్కుంటె అయిపోయేదానికి, గింత తిప్పలెందుకు బావా?" అన్నాను, వీలైనంత కరీంనగర్ యాసలో.

ఫోన్ పెట్టేసి, నుదుటి చెమట తుడుచుకుని ఖాళీ కేసు బయటికి లాగాను. రైఫిల్ పిడి మీద ఎర్రగా వేలిముద్ర పడింది. ఆ రైఫిల్ మీద దుమ్ము రేణువుని కూడా సహించని నేను, గుడ్డ చేతిలోకి తీసుకుని, ఆ ముద్ర తుడవకుండానే గుడ్డని మళ్లీ సంచిలో పెట్టేశాను. ఈ సంగతి మా ఆయనకి చెప్పలేదు. చెబితే వచ్చే దసరాకి స్కోప్ విప్పి లోపల పెడతాడు.