ఎల్వుడ్ అమ్మని నాణెం

ఒహాయోలోని ఆ చిన్న ఊళ్లో ఎల్వుడ్ నాణేల కొట్టుకు ప్రతి శనివారం తప్పకుండా వచ్చేవాడు మెర్ల్ ఒక్కడే. పెళ్లీ పెటాకులూ లేని ఎల్వుడ్‌కు వారం మొత్తం మీద నోరారా మాట్లాడే మనిషీ అతనొక్కడే.

మెర్ల్‌ పిచ్చంతా పాతకాలపు ఐదు సెంట్ల వెండి నాణేల మీద. చొక్కా గుండీ కంటే కాస్తే పెద్దవి. ఏడాదికొక గుంట ఉన్న అట్టపుస్తకంలో ఒక్కొక్కటే నింపుకుంటూ వచ్చాడు. 1846 గుంట మాత్రం ఖాళీ అనేవాడు. ఆ ఏడు ముద్రించినవే తక్కువ. అరిగిందే అయినా ఒకటి ఎల్వుడ్ అద్దాల బల్లలో ఉంది.

"ఇంకా అమ్ముడుపోలేదట్రా పిసినారీ?"

"నువ్విచ్చే డబ్బుకి దాని బొమ్మ గీసిస్తా, పట్టుకుపో."

"అచ్చం నీ మొహంలాగే అరిగిపోయింది. దానికంత ధరా?"

ఆ తర్వాత కాఫీ, డోనట్లు, మధ్యాహ్నం దాకా కబుర్లు. మెర్ల్ ఎంతకడిగినా ఎల్వుడ్ ఓ మెట్టు పైనే చెప్పేవాడు. డబ్బు మీద ఆశతో కాదు, గుంట నిండితే మెర్ల్ ఇక రాడేమోనన్న భయంతో. ఆ మాట పైకి అంటే ఏం పోయేదో!

చలికాలంలో మెర్ల్ మంచం పట్టాడు. "ఓసారి ఇంటికి రారా. ఆ నాణెం కూడా తీసుకురా" అని ఫోన్ చేశాడు.

జబ్బుమనిషి అడిగితే కాదనలేడు. ఇచ్చేస్తే, అతను లేచి తిరిగాక శనివారాలుండవు. "రోడ్డంతా మంచు. వచ్చే వారం చూద్దాంలే" అన్నాడు ఎల్వుడ్. వారం తిరక్కుండానే మెర్ల్ పోయాడు.

మంచు కరిగాక మెర్ల్ భార్య ఆర్లీన్ వెల కట్టమని ఆ పుస్తకం తెచ్చింది. ఎల్వుడ్ భూతద్దం 1846 దగ్గర ఆగిపోయింది. గుంట నిండి ఉంది. తన దానికంటే మంచి నాణెం.

"ఇదెప్పుడు కొన్నాడు?"

"ఏళ్ల కిందటే, మా పెద్దదాని పెళ్లేడు, కొలంబస్‌ నగరంలో. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. 'వాడికి తెలిస్తే బేరం ఆగిపోద్ది, ఇక ఏ వంకతో వెళ్లను?' అనేవాడు. ఆఖర్న చెప్పేద్దామనే నిన్ను పిలిచాడు. రెండూ పక్కపక్కన పెట్టి నవ్వుకోవాలని."

ఎల్వుడ్ భూతద్దం కింద పెట్టాడు. 

"నేనారోజు రావాల్సింది" అన్నాడు.

"నువ్వొస్తావని, ఫోన్ చేసిన ఆ పొద్దునే గడ్డం గీయించుకున్నాడు" అంది ఆర్లీన్.