ఆపినవీ తీసేసినవీ

ఆవిణ్ణి అందరూ చీపురు మేడం అనేవారు. ఎదురుగా కాదు, చాటుగా. అయినా ఆ సంగతి ఆవిడకి తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. మెట్ల పక్కన చిన్న గది, గోడకి ఆనించిన బల్ల, దాని మీద రెండు తెరలు, ఒక మంచినీళ్ళ సీసా. చిత్తుకాగితం ముక్క వెతికినా దొరకదు. అక్కడ కూర్చుని ఆవిడ నలభై ఒక్క వెబ్‌సైట్లు చూసుకునేది. పళ్ళ డాక్టరుది, ట్యూషన్ మాస్టారుది, పూలకొట్టుది, అన్నీ ఇలాంటివే. వాళ్ళెవరికీ సైటు అంటే ఏమిటో తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. అందుకే ఆవిడకి చేతినిండా పని.

"థీమంటే ఇంటికి వేసిన రంగు. ప్లగిన్లంటే ఫ్యానూ, పంపూ, కాలింగ్ బెల్లూ" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చిలక్కి చెప్పినట్టు చెప్పేది. రంగు మార్చడం మాత్రం అందరికీ సరదాయే. కొత్తొక వింత, పాతొక రోత. పళ్ళ డాక్టరైతే ఆర్నెల్లకోసారి థీమ్ మార్చమనేవాడు. చివరికోసారి నల్లటిది కావాలన్నాడు. "పళ్ళ డాక్టరు సైటు నల్లగా ఉంటే జనం ఏమనుకుంటారండీ?" అని ఆవిడ అడిగితే రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

ప్లగిన్ల దగ్గర మాత్రం ఆవిడ ఎవరి మాటా వినేది కాదు. వాడని ప్లగిన్ గడియ పెట్టని దొడ్డితలుపు, దొంగ అటునుంచే వస్తాడు అనేది. అనవసరంగా పెట్టడమెందుకు, మళ్ళీ తీయడమెందుకు, అడుసు తొక్కనేల కాలు కడగనేల అనేది. తప్పక పెట్టాల్సి వస్తే, పెట్టిన రోజునే సెట్టింగుల అడుగుకి దిగి ఒక గడిలో టిక్కు పెట్టేది. ఈ ప్లగిన్‌ని తీసేసిన రోజు దాని సమాచారం కూడా తుడిచెయ్యి అని చెప్పే గడి అది. చాలామందికి అలాంటిది ఒకటి ఉందనే తెలీదు. ఆవిడ ఒక్క సైటులో కూడా దాన్ని వదల్లేదు.

ఆ నలభై ఒక్కింటిలో ఒకటి తమ్ముడిది.

తమ్ముడు వాచీలు బాగుచేసేవాడు. చిన్నప్పటినుంచీ నత్తి. కొట్టుకి వచ్చినవాళ్ళు "ఎప్పుడిస్తారు?" అంటే మూడు వేళ్ళు చూపించేవాడు, మూడు రోజులన్నమాట. ఫోన్ మోగితే మోగనిచ్చేవాడు. ఇంట్లో కూడా అంతే. పగలంతా కంటికి భూతద్దం, సాయంత్రం అయ్యేసరికి నోటికి తాళం. ఎనిమిదేళ్ళ క్రితం అక్క పట్టుబట్టి వాడికో సైటు కట్టి, ప్రశ్నలకీ జవాబులకీ ప్లగిన్ ఒకటి పెట్టింది. ఎవరైనా తమ వాచీ గురించి అడగొచ్చు, వాడు తీరిగ్గా రాయొచ్చు.

వాడు రాశాడు. అక్క నోరు వెళ్ళబెట్టింది. నోట్లో నలిగిపోయే మాటలన్నీ వేళ్ళలోంచి గడగడా వచ్చేశాయి. ఒకావిడ తన గోడగడియారం ఎన్నిసార్లు బాగుచేయించినా ఆగిపోతోందని రాస్తే, "అమ్మా, గడియారం మంచిదే, గోడే వంకర" అని జవాబిచ్చాడు. స్నానానికి వాచీతో వెళ్ళే పెద్దమనిషికి, "మీకు ఇష్టమే కానీ దానికి ఇష్టమో కాదో అడిగారా?" అన్నాడు. ఏడేళ్ళలో పదకొండు వందల పైచిలుకు జవాబులు. జీవితం మొత్తం మీద వాడు నోటితో అన్ని వాక్యాలు పూర్తి చేసుండడు.

ఒకరోజు మధ్యాహ్నం బల్ల దగ్గరే గుండె ఆగి పోయాడు. కొట్టు మూసేశారు. సైటు మాత్రం ఉండిపోయింది. మరదలు ఒక స్కూల్లో లైబ్రరీ చూసుకుంటుంది. భోజనాల బెల్లు కొట్టాక, పుస్తకాల బీరువాల వెనక కూర్చుని రోజూ ఆ జవాబులు చదువుకునేది. పద్నాలుగు నెలలు అలాగే గడిచాయి.

అప్పుడు ఆ జవాబుల కింద జూదం ప్రకటనలు మొలవడం మొదలైంది. ప్లగిన్ తయారుచేసినవాడు ఎప్పుడో దాన్ని గాలికి వదిలేశాడు, అందులో కన్నం పడింది. సైట్లకి చోటిచ్చే హోస్టింగ్ వాళ్ళు దాన్ని ఆపమని ఉత్తరం మీద ఉత్తరం రాశారు. ఆవిడ మరదలికి ఫోన్ చేసింది.

"కొన్నాళ్ళు జవాబులు కనబడవమ్మా. కంగారుపడకు, ఆపుతున్నానంతే, తీసెయ్యడం లేదు. కుళాయి కట్టేస్తే ట్యాంకులో నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఇంకో మంచి ప్లగిన్ చూసి అందులోకి మార్చేస్తాను."

"మీరు చూసుకుంటే నాకేం భయం వదినా" అంది మరదలు.

ఆపడం వేరు, తీసెయ్యడం వేరు. ఈ తేడా ఆవిడ నలభై మందికి నేర్పింది. పదిరోజుల తర్వాత, ఎప్పట్లాగే నెల మొదటి సోమవారం పొద్దున్న శుభ్రం చేసే పని పెట్టుకుంది. సైట్లన్నీ ఒకే తెర మీద వరసగా కనబడతాయి. ఆగి ఉన్న ప్లగిన్లన్నీ ఎంచుకో, తీసెయ్, సమాచారం కూడా పోతుంది సరేనా అంటే సరే. ఏళ్ళ తరబడి చేసిన పని, చెయ్యి దానంతటది చేసుకుపోయింది. పదిహేడు ప్లగిన్లు పోయాయి. అందులో తమ్ముడిదొకటి. ఆవిడ చేతులు దులుపుకుని లేచి మంచినీళ్ళు తాగింది.

మరదలు రెండుసార్లు ఫోన్ చేసింది. "ఇంకా కాలేదా వదినా?" అని మొదటిసారి అడిగింది. "వచ్చేవారం" అంది ఆవిడ. ట్యూషన్ మాస్టారి సైటులో పరీక్షల పని ఉంది మరి. రెండోసారి మరదలు అడగనైనా అడగలేదు, యోగక్షేమాలు మాట్లాడి పెట్టేసింది. ఇంట్లోవాళ్ళ పని ఎప్పుడూ ఆఖరి వరసే కదా.

తీరిక చిక్కి, కొత్త ప్లగిన్ సిద్ధం చేసుకుని, పాతదాన్ని తెరుద్దామని వెళ్తే అది అక్కడ లేదు. ముందు వేరే సైటులోకి వచ్చాననుకుంది. పైన పేరు చూసింది. సమాచారమంతా దాచే లోపలి పట్టికల్లోకి దిగి చూసింది. ప్రశ్నల పట్టిక లేదు, జవాబుల పట్టిక లేదు. అప్పుడు గుర్తొచ్చింది ఎనిమిదేళ్ళ కిందట తన చేత్తో పెట్టిన టిక్కు.

హోస్టింగ్ వాళ్ళకి ఫోన్ చేస్తే ఆ అబ్బాయి పాపం మర్యాదగానే చెప్పాడు. "బ్యాకప్పులు ముప్పై రోజులవే ఉంటాయండీ. మీరు తీసేసి నలభై ఒక్క రోజులైంది. పదకొండు రోజుల ముందు అడిగుంటే ఇచ్చేవాళ్ళం."

పదకొండు రోజుల ముందా! మరదలు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు లేచి చూసినా సరిపోయేది. ఖాతాదార్లందరి సైట్లకీ ఆవిడ తన దగ్గర విడిగా కాపీలు దాచేది. తమ్ముడిదొక్కటే దాచలేదు. మనవాడిదే కదా, ఎక్కడికి పోతుంది అనుకుంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆవిడ పని.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మూడు రోజులు వెతికింది. ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడో ఎవరెవరో అతికించుకున్న ముక్కలన్నీ పోగేస్తే నాలుగు జవాబులు తేలాయి. నాలుగూ అచ్చు తీసుకుని, నాలుగో రోజు మధ్యాహ్నం స్కూలుకి వెళ్ళింది. ఫోన్‌లో చెప్పే మాట కాదది.

లైబ్రరీలో పిల్లలెవరూ లేరు. మరదలు చిరిగిన పుస్తకానికి జిగురు రాస్తోంది. వదినని చూడగానే కుర్చీ జరిపి, "అయిపోయిందా?" అంది మొహం వెలిగిపోతూ.

ఆవిడ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఏం చేసిందీ, ఎలా చేసిందీ, ఎన్ని రోజులు ఆలస్యం చేసిందీ, ఏదీ దాచలేదు. ఆవిడకి దాచడం చేతకాదు. చెప్పి, నాలుగు కాగితాలూ బల్ల మీద పెట్టింది. "నన్ను తిట్టమ్మా" అంది.

మరదలు తిట్టలేదు. కాగితాలు ఒక్కొక్కటే చదివి, మళ్ళీ మొదటినుంచీ చూసింది. ఏదో వెతుకుతోందని అర్థమైంది కానీ ఏమిటో అర్థం కాలేదు.

"ఇందులో నావి లేవు" అంది చివరికి.

"నీవేమిటి?"

"నేనూ అడిగేదాన్ని వదినా. దొంగపేరుతో. ఏడేళ్ళలో పదమూడుసార్లు." జిగురంటిన వేళ్ళని చీరకొంగుకి తుడుచుకుంది. "ఇంట్లో ఏమడిగినా తలూపడమే కదా. మాట రావడానికి ఆయన పడే అవస్థ చూడలేక నేనే అడగడం మానేశాను. అక్కడైతే అందరికీ అంత చక్కగా రాస్తున్నారు, నాకు మాత్రం ఎందుకుండకూడదు అనిపించింది. మా ఇంట్లో గడియారం పగలంతా తిరిగి సాయంత్రానికి ఆగిపోతోంది, ఏం చెయ్యమంటారు అని రాశాను."

"ఏమన్నాడు?"

"అది అలిసిపోయిందనీ, దాన్ని తిట్టొద్దనీ, కాసేపు పక్కన కూర్చోమనీ రాశారు. ఆ సాయంత్రం వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏమీ అనలేదు, కాస్త జరిగి చోటిచ్చారు." మరదలు జిగురు సీసాకి మూత పెట్టింది. "మాటలు సరిగ్గా అవే కావు వదినా. ఇంకా బాగా రాశారు. రోజూ చదువుకుంటాను కదా అని కంఠతా పట్టలేదు."

పోయినవి తమ్ముడి మాటలనుకుంటూ వచ్చింది ఆవిడ. ఒక కాపురంలో ఇద్దరూ మాట్లాడుకున్న మాటలు అవేనని ఇప్పుడు తెలిసింది.

"అడిగేది నేనేనని ఆయనకి తెలుసంటారా?" అంది మరదలు. "పద్నాలుగు నెలలూ అదే వెతుక్కున్నాను. ఒక్కో జవాబు చూస్తే తెలిసే రాశారనిపిస్తుంది, ఇంకోటి చూస్తే అబ్బే అనిపిస్తుంది. మీరు లోపలినుంచి చూసేవారు కదా. మీకేమైనా తెలుసా?"

లోపలినుంచి చూస్తే తెలిసేదే. ప్రశ్న ఏ ఇంటి ఇంటర్నెట్ నుంచి వచ్చిందో పక్కనే నమోదయ్యేది. తమ్ముడికీ అది కనబడేది, చూడాలనుకుంటే. వాడు చూశాడో లేదో ఆవిడకి తెలీదు. ఆవిడైతే ఎప్పుడూ చూడలేదు, అవసరం లేనిదాని జోలికి వెళ్ళే అలవాటు లేదు.

"నాకు తెలీదమ్మా" అంది నిజాయితీగా.

మరదలు ఆవిడ మొహంలోకి చూసింది. "తెలుసని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది వదినా? ఇంక అబద్ధమని తేల్చేవాళ్ళు మాత్రం ఎవరున్నారు?"

ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. ఒక్క అబద్ధం, వాడిపోయిన మనిషికి ఇంత నీడ, అంతేగా అడిగింది. అదైనా ఇవ్వలేకపోయాను, తీసెయ్యడం తప్ప నాకింకేం వచ్చు అనుకుంటే ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. అప్పుడు కూర్చుంది. మరదలి చెయ్యి పట్టుకుంది.

"వాడికి తెలుసమ్మా. తెలిసే రాశాడు. ఒట్టు."

మరదలు చెయ్యి విడిపించుకోలేదు. నాలుగు కాగితాలూ మడిచి, అంచులు కలిపి, తను అతికిస్తున్న పుస్తకం కింద పెట్టింది.

"ఇప్పుడు చెప్తే ఎలా నమ్మను వదినా" అంది.

ఆ గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేదని ఆవిడకి అనిపించింది.