స్పీకర్లు నోరు విప్పని కేసు

ఆ ఇంటి మామగారికి లోకంలో ప్రతిదాని మీదా అనుమానమే. గోడ గడియారాన్ని చేతి గడియారంతో సరిచూసేవారు. రెండూ ఒకే టైం చూపిస్తే, ‘ఇవి రెండూ కూడబలుక్కున్నాయి’ అని మూడో గడియారం కోసం ఎదురింటికి వెళ్ళేవారు. కాఫీ బాగోలేకపోతే కిక్కురుమనకుండా తాగేవారు. బాగుంటేనే ప్రమాదం. “ఏమిటింత శ్రద్ధగా పెట్టారు? ఏం పగిలింది?” అంటూ వంటింట్లోకి తొంగిచూసేవారు.

అనుమానప్పక్షుల్లో చాలా జాతులున్నాయి. తాళం వేసి, వీధి చివరిదాకా నడిచి, వెనక్కొచ్చి లాగి చూసేవాళ్ళు ఒక జాతి. హత్యల నవల తీసి ముందు ఆఖరి పేజీ చదివేసి, హంతకుడెవరో తెలిశాక కూడా, ఈలోగా రచయిత మనసు మార్చుకున్నాడేమోనని మొదటినుంచీ కాపలా కాస్తూ చదివేవాళ్ళు ఇంకో జాతి. మామగారు ఈ జాతులన్నిటికీ పెద్దదిక్కు. పైగా అది ఆయనకు ఉద్యోగం కూడా. గోదాముల్లో సరుకు మాయమైతే విచారణ చేయడానికి ఆయన్ని పంపేవారు. రిటైరయ్యాక గోదాములు పోయి ఇల్లొక్కటే మిగిలింది. ఆయన దాంతోనే సర్దుకున్నారు.

ఏం జరిగినా మొదటి ప్రశ్న ఒకటే: “చివరిసారి ముట్టుకున్నది ఎవరు?”

విచారణ ఎంత ఘనంగా సాగినా తీర్పు మాత్రం ఎప్పుడూ తుస్సుమనేది. కప్పు పగిలిన కేసులో ముద్దాయి గాలి. ఇస్త్రీ చొక్కా కాలిన కేసులో కరెంటు. ఇంతవరకూ ఒక్క మనిషీ దొరకలేదు. ఈయన చేతిలో పడ్డ గోదాములు ఏమైపోయాయో పాపం అనుకునేది కోడలు. పైకి అనేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం కంప్యూటర్ మూగబోయింది.

కోడలికి అది ఆడుకునే సామాను కాదు. పాప పుట్టాక ఉద్యోగం మానేసిన తర్వాత మొదటిసారి ఇంట్లోంచి చేసుకునే పని ఒకటి దొరికేలా ఉంది. మీటింగుల్లో మాట్లాడినవి విని, ఉన్నదున్నట్టు టైపు చేయాలి. పరీక్షగా ఒక రికార్డింగు పంపారు. సాయంత్రం అయిదు లోపు టైపు చేసి పంపితే పని ఇస్తారు, లేకపోతే ఇంకొకరికి. ఆ రికార్డింగు ఈ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. తెరిస్తే, పెదాలు కదిలినట్టు తెర మీద గీతలు లేస్తున్నాయి, పడుతున్నాయి. మాట మాత్రం లేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుందామంటే నిన్నటినుంచీ అవీ కనిపించడం లేదు.

రికార్డింగులోనే ఏదైనా లోపమేమోనని, రీస్టార్ట్ చేసినా తెర మీదికి మళ్ళీ వచ్చిన ఏదో పాత పేజీలో ప్లే బటన్ నొక్కింది. దానికీ గొంతు లేదు. దాన్నలా వదిలేసి మొగుడికి ఫోన్ చేసింది.

“రీస్టార్ట్ చేశావా?” అన్నాడతను.

“చేశాను.”

“స్పీకర్ల వైర్లు?”

“ఊడదీసి మళ్ళీ పెట్టాను. లైటు కూడా వెలుగుతోంది.”

“నాన్నకి తెలిసిందా?”

“ఇంకా లేదు.”

“తెలియనివ్వకు. అయిదు దాటిపోతుంది.”

ఆమె ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో మామగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు.

“ఏమిటి నాకు తెలియకూడనిది?”

“కంప్యూటర్లో సౌండ్ రావట్లేదు మామయ్యగారూ.”

“రావట్లేదా, రాకుండా చేశారా? చివరిసారి ముట్టుకున్నది ఎవరు?”

“నేనే. నిన్న పొద్దున. అప్పుడు బాగానే ఉంది.”

“ఆ తర్వాత?”

“ఎవరు ముట్టుకుంటారు, మీరో నేనో.”

“నా మీద కూడా పెట్టుకో అనుమానం, తప్పులేదు. నేనైతే పెట్టుకునేవాణ్ణి,” అంటూ ఆయన కుర్చీ లాక్కుని స్పీకర్ల ముందు కూర్చున్నారు. ఎడమదానికి చెవి ఆనించారు. కుడిదానికి ఆనించారు. “రెండూ ఒక్కసారే మానేశాయి. ఒకటైతే జబ్బు. రెండూ అయితే కుట్ర.”

వంటింట్లోంచి అత్తగారు వచ్చారు. ఈవిడకీ ఆ కంప్యూటర్‌కీ మొదటినుంచీ పడదు. అది ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఎవరూ తనతో మాట్లాడటం లేదనీ, తను చచ్చినా దాన్ని ముట్టుకోననీ వచ్చిపోయే వాళ్ళందరికీ చెప్పారు. అలాగని ధూళి పట్టనివ్వరు. ఇంట్లో మిక్సీకీ ఫ్రిజ్‌కీ కుట్టినట్టే దీని డబ్బాకీ కుచ్చుల గౌను కుట్టి తొడిగారు. ముందువైపు బటన్ నొక్కాలంటే కుచ్చులు పైకెత్తాలి.

“నువ్వేమైనా ముట్టుకున్నావుటోయ్?” అన్నారు మామగారు.

“ఆ దయ్యాన్ని నేనెందుకు ముట్టుకుంటానండీ? గౌను తుడిచానంతే.”

“గౌనుని ఎవరైనా తుడుస్తారా? దులుపుతారు.”

“దులిపాను. ఏం, గౌను దులిపితే సౌండ్ పోతుందా?”

కోడలు సెట్టింగులు తెరిచి చూసింది. “మామయ్యగారూ, హెడ్‌ఫోన్లు పెట్టి ఉన్నాయని చూపిస్తోంది. అందుకే స్పీకర్లకి పోవట్లేదు. కానీ ఏవీ పెట్టి లేవు.”

“అబద్ధం ఆడుతోంది,” అన్నారాయన సంతోషంగా. “ఆడనీ. అబద్ధమాడేవాళ్ళు దొరికితే సగం పనైనట్టే. నీ ఇయర్‌ఫోన్లు ఏవీ?”

“నిన్నటినుంచీ కనిపించట్లేదు.”

“ఇప్పుడా చెప్పడం?”

ఇక ఇల్లంతా సోదా. పుస్తకాల అలమర, చెప్పుల స్టాండు, దిండు గలీబులు. పాప బొమ్మ పొట్ట నొక్కి చూశారు. కోడలు గడియారం వంక చూస్తూ కాలుగాలిన పిల్లిలా వెనకే తిరిగింది. చివరికి కుట్టుమిషను సొరుగు లాగారు. అత్తగారు తలుపు దగ్గర నిలబడి కొంగు మడతలు లెక్కపెడుతున్నట్టున్నారు. ఆయన సొరుగులోకి చూశారు. చాలాసేపు చూశారు. మెల్లిగా మూసేశారు.

“దారపుండలు,” అన్నారు.

ఆయన తిరిగొచ్చి నేరం జరిగిన చోట ఎవరూ ఉండకూడదని ఇద్దర్నీ గదిలోంచి తరిమి తలుపు దగ్గరికి వేశారు. అత్తగారు వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడగడం మొదలెట్టారు. కోడలు తలుపు సందులోంచి చూసింది. తప్పే. కానీ ఆ ఇంట్లో ఉంటే ఎవరికైనా అబ్బుతుంది.

మామగారు నేలమీద బోర్లా పడుకుని కుచ్చుల గౌను పైకెత్తారు. హెడ్‌ఫోన్లు పెట్టే కంతలోకి టార్చి కొట్టి చూశారు. పెన్నులోంచి ఖాళీ రీఫిల్ తీసి, కొసకి రవ్వంత జిగురు రాసి, కంతలోకి దూర్చి, ఊపిరి బిగబట్టి పట్టుకున్నారు. కాసేపటికి మెల్లగా లాగారు. రీఫిల్‌కి అంటుకుని ఇయర్‌ఫోన్ పిన్ను ముక్క బయటికొచ్చింది. విరిగి లోపలే ఉండిపోయిన ఆ ముక్కని చూసే కంప్యూటర్ హెడ్‌ఫోన్లున్నాయంటోంది; ఇందాకటినుంచీ అది నిజమే చెబుతోంది. పిన్ను విరిగిన ఇయర్‌ఫోన్లు కుట్టుమిషను సొరుగులో ఉన్నాయని కోడలికి అప్పుడర్థమైంది.

ఆయన ముక్కని జేబులో వేసుకున్నారు. సరిగ్గా అప్పుడే, ఎవరూ ఆపడం మర్చిపోయిన ఆ పేజీ నోరు విప్పింది. స్పీకర్లు పూర్తి గొంతుతో ఇల్లంతా వినిపించేలా అందుకున్నాయి:

“...నీ జడలోంచి రాలిన పువ్వునైనా ఇవ్వవూ, ఈ సముద్రాలన్నీ దాన్ని వాసన చూసుకుంటూ దాటేస్తాను, అన్నాడు కెప్టెన్...”

వంటింట్లో గ్లాసు కిందపడింది.

కోడలు తలుపు తోసుకుని వెళ్ళింది. అత్తగారు కూడా వచ్చారు, తడిచేతులతోనే. మామగారు లేచి, మోకాళ్ళు దులుపుకుని, ఇద్దరి వంకా గుడ్లురిమి చూశారు.

“ఏం, అలా చూస్తారు? నాదే ఆ కథ. మధ్యాహ్నాలు మీరు పడుకున్నాక వింటున్నాను. వినకూడదా?”

కోడలికి తెలుసు, మధ్యాహ్నాలు ఈ ఇంట్లో అందరికన్నా గట్టిగా గురకపెట్టేది ఆయనే.

“ఈ వయసులో ఇవేం కథలండీ,” అన్నారు అత్తగారు. మాటకి మాట సరిగ్గానే పడింది. “మనవరాలున్న ఇల్లు.”

“నిజమే. బుద్ధి తక్కువై విన్నాను.”

“లోపల ఏం అడ్డుపడింది మామయ్యగారూ?” అంది కోడలు.

“చీమ.”

“ఒక్క చీమేనా?”

“పెద్దది,” అని ఆయన కుర్చీలో కూలబడ్డారు. “విన్నది కూడా దండగే అనుకో. ఆ కెప్టెన్ మాటలు నాకు నమ్మబుద్ధి కావడం లేదు. పువ్వు పట్టుకుని ఓడెక్కేస్తాడు. మళ్ళీ రాడు. ఆ అమ్మాయి రేవులో నిలబడి ఉండాల్సిందే.”

“ఎందుకు రాడు?” అన్నారు అత్తగారు చప్పున. “ఓడ కదిలేలోపే దిగి వచ్చేస్తాడు. వానలో తడుస్తోందని గొడుగు కూడా తెస్తాడు.”

అత్తగారు నాలిక కరుచుకున్నారు. ఎన్ని గోదాములు తిరిగినా ఇంత సూటిగా దొరికిపోయిన మనిషి మామగారికి తగిలి ఉండడు. ఆయన కనుబొమలు పైకి లేచాయి. నోరు తెరిచారు.

“అలాగా,” అన్నారాయన. “పోనీలే. నేను అనవసరంగా అతన్ని అనుమానించాను.”

అత్తగారు గ్లాసు ముక్కలు ఎత్తడానికి వంటింట్లోకి వెళ్ళారు. కోడలు కెప్టెన్‌ని ఆపి, మీటింగు రికార్డింగు పెట్టి, అయిదు లోపు అయ్యేలా వేళ్ళు పరిగెత్తించింది. మామగారు తలుపు దగ్గరికి వేస్తూ, వంటింటి వైపు తిరిగి గొంతు పెంచారు.

“ఏమోయ్, ఆ గ్లాసు పగిలింది చూశావా, అది గాలికి.”